ఘోషా, బురఖా, నిషేధం: గంజాం–బరంపురం వైపు నుంచి

బహిరంగ ప్రదేశాల్లో ముస్లిం స్త్రీలు ముఖం కప్పుకోవడాన్ని చట్టంతో ఆపవచ్చా, ఆపాలా అన్న వివాదం ఇప్పటి రూపంలో ప్రధానంగా ఐరోపాలో పెరిగి ఆసియా, ఆఫ్రికాలకు పాకింది. భారతదేశంలో అటువంటి నిషేధ చట్టం లేదు, ఒడిశాలోనూ లేదు. 2011 జనగణన ప్రకారం ఒడిశా జనాభాలో ముస్లింలు 2.17 శాతం. ముప్పై అయిదు లక్షల పైచిలుకు జనమున్న గంజాం జిల్లాలో వారి వాటా ఒక శాతానికి కూడా చేరదు. సంఖ్యను బట్టి చూస్తే బరంపురం ఈ చర్చకు కేంద్రం కాదు. అయినా ఈ నేలకు ఇందులో పాత వాటా ఒకటుంది. ముఖం చాటు చేసుకునే స్త్రీకి వైద్యం ఎలా అందించాలి, ఆమె సాక్ష్యం ఎలా తీసుకోవాలి అన్న చిక్కు ఉత్తర సర్కార్లకు పందొమ్మిదో శతాబ్దంలోనే ఎదురైంది. అప్పుడు ఆ స్త్రీ ముస్లిం మాత్రమే కాదు, జమీందారు ఇంటి హిందువు కూడా.

మాటలు

ముసుగు, మేలిముసుగు మన మాటలు. పరదా పారశీకం నుంచి వచ్చింది, తెర అని అర్థం. ఘోషా కూడా అటునుంచి వచ్చిందే. పారశీకంలో గోషా అంటే మూల. నలుగురి కంటా పడకుండా మూలన ఉండేవాడు, ఉండేది గోషానషీన్. తెలుగు నోటికి వచ్చేసరికి దానికి ఒత్తు తోడై ఘోషా అయింది. సంస్కృతపు ఘోషకు, అంటే రొదకు, దీనికి చుట్టరికం లేదు. అర్థాలు చూస్తే ఒకటి సద్దు, ఒకటి సద్దు లేకపోవడం.

బురఖా అరబ్బీ మాట. తెలుగు వాడుకలో అది ఒంటినంతా కప్పే నల్లటి పైవస్త్రం, ముఖం మూసినా మూయకపోయినా అదే పేరు. కళ్లు మాత్రం వదిలి ముఖం కప్పే గుడ్డ నఖాబ్. తలను, మెడను కప్పి ముఖాన్ని వదిలేసేది హిజాబ్. అఫ్గాన్ బురఖాలో కళ్ల ముందు కూడా జాలీ ఉంటుంది. ఈ తేడాలు తెలియకపోతే వివాదమే అర్థం కాదు. 2022లో దేశాన్ని కుదిపిన కర్ణాటక తగాదా హిజాబ్ గురించి, అందులో ముఖం కప్పడమన్న ప్రశ్నే లేదు. ఫ్రాన్స్ 2010 చట్టం ముఖం గురించి, అందులో తలగుడ్డ ప్రస్తావనే లేదు. మన చర్చల్లో మాత్రం ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు.

చికాకోలు సర్కారులో ఘోషా

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో గంజాం ప్రాంతం చికాకోలు (నేటి శ్రీకాకుళం) సర్కారులో భాగం. ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో నేటికీ ఉంది. నిజాం పాలనలో ఈ సర్కారును ఇచ్ఛాపురం, చికాకోలు, కాశింకోట అని మూడుగా విభజించారు. గంజాం భాగం ఇచ్ఛాపురం కిందికి వచ్చేది. 1760ల మధ్యలో సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. తర్వాత 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఆ విభజనలో బరంపురం ఒడిశాకు వెళ్లింది. అక్కడికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం మద్రాసులో మిగిలి, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది.

ఈ రాజకీయ చరిత్రతోపాటే ఘోషా మాటా ఆచారమూ నడిచాయి. ముస్లిం అధికారుల ఇళ్లలో ఉన్న కట్టుబాటు పాలక కుటుంబాల హోదాకు గుర్తు అయింది. రాజులు, వెలమ దొరలు, గంజాం జమీందార్లు తమ స్త్రీలను ఘోషాలో ఉంచారు. ప్రయాణమంటే మేనా, మేనాకు తెర. మద్రాసులో 1909లో వెలువడిన థర్‌స్టన్ ఏడు సంపుటాల కులాల గ్రంథంలో ఈ ఆచారం పలుచోట్ల నమోదైంది. కమ్మవారిలో 'ఇల్లువెళ్లని' అన్న పేరుతోనే ఒక తెగ ఉందని అందులో కనిపిస్తుంది. ఇల్లు కదలని ఆడవాళ్లున్న ఇంటివారన్నమాట. పొలంలో నాట్లు వేసే ఇంట్లో, మగ్గం దగ్గర కండెలు చుట్టే ఇంట్లో ఘోషా సాగదు. ఆడదాని కూలి లేకుండా గడిచే ఇంటికే అది వీలు. అందుకే అది గౌరవంగా చలామణి అయింది. మతం కన్నా తిండిగింజల లెక్క దీన్ని ఎక్కువగా నిర్ణయించిందనుకోవచ్చు.

ఒడియా ఇళ్లలో అత్తమామల ఎదుట కోడలు తలమీదుగా కొంగు లాక్కునే ఓఢణా వేరే ఆచారం. గంజాంలో ఒడియా కోడలికి అది ఉంటుంది, పక్కింటి తెలుగు కోడలికి సాధారణంగా ఉండదు. ఒకే వీధిలో ముఖానికి మూడు మర్యాదలు కనిపిస్తాయి. ఒకరిది కొంగు, ఒకరిది బురఖా, ఒకరిది ఏదీ కాదు.

ఆసుపత్రి, కోర్టు

మగ డాక్టరుకు నాడి చూపించని స్త్రీలు కాన్పుల్లో చనిపోతున్నారని పందొమ్మిదో శతాబ్దం చివర్లో పాలకులకు తెలిసివచ్చింది. వాళ్లు ఆచారాన్ని నిషేధించలేదు, వేరే ఆసుపత్రి కట్టారు. మద్రాసులో డాక్టర్ మేరీ షార్లీబ్ 1885లో మొదలుపెట్టిన ఆసుపత్రి పేరులోనే 'కాస్ట్ అండ్ గోషా విమెన్' అన్న మాటలుండేవి. ఇప్పుడది ట్రిప్లికేన్‌లోని కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రిని ఊరివాళ్లు ఈనాటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. విజయనగరంలోనూ అదే పేరు వినబడుతుంది. అక్కడ కాన్పుకు వెళ్లే వారిలో ఘోషా అంటే ఏమిటో తెలిసినవారు బహుశా తక్కువే. మాట మాత్రం బతికింది.

కోర్టులూ ఇదే దారి పట్టాయి. దేశాచారం ప్రకారం బయటికి రాని స్త్రీలను కోర్టుకు స్వయంగా రమ్మని బలవంతపెట్టరాదని 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ రద్దు కాలేదు. అటువంటి స్త్రీ సాక్ష్యాన్ని కమిషనర్ ఇంటికి వెళ్లి తీసుకునేవాడు. పర్దానషీన్, అంటే పరదా పాటించే, స్త్రీ చేత దస్తావేజు రాయించుకున్నవాడు, ఆమె దాన్ని అర్థం చేసుకునే సంతకం పెట్టిందని తానే రుజువు చేసుకోవాలని ప్రీవీ కౌన్సిల్ పదేపదే తీర్పులిచ్చింది. తెర వెనక ఉన్న ఆమె పేర భూములు, వాటి మీద కన్నేసిన దగ్గరి బంధువులు ఆ వ్యాజ్యాల్లో మామూలు పాత్రలు. చట్టం ఆమెకు రక్షణ ఇచ్చింది. ఆ ఇవ్వడంలోనే ఆమె సొంతంగా ఆలోచించలేదన్న అనుమానాన్నీ రాసిపెట్టింది. ఇప్పటి నిషేధవాదుల వాదనల్లో ఆ అనుమానమే వేరే రూపంలో కనిపిస్తుంది.

లోపలినుంచి వచ్చిన విమర్శ

ఘోషాను ముందుగా ప్రశ్నించింది ప్రభుత్వాలు కావు, సంస్కర్తలు. బిహార్ స్త్రీల పరదాపై గాంధీ 1927లో గట్టిగా రాశారు. మరుసటి ఏడాది అక్కడ పరదా వ్యతిరేకోద్యమం నడిచింది. 1927 డిసెంబరులో ఆయన గంజాం జిల్లాలోనూ పర్యటించారు. దానికి ఆరేళ్ల ముందు, 1921లో, కాకినాడలో జరిగిన సంఘటన తెలుగువారికి బాగా తెలుసు. పన్నెండేళ్ల దుర్గాబాయి, తరువాతి కాలపు దుర్గాబాయి దేశ్‌ముఖ్, దేవదాసీలనూ బురఖాల్లో ఉండే ముస్లిం స్త్రీలనూ గాంధీ ముందు కూర్చోబెట్టాలని పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి పోగుచేస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. ఆమె పోగుచేసింది, సభ అరగంట దాటింది. ఆ స్త్రీలు సభకు రావడానికి బురఖా తీసేయాలన్న షరతు ఎవరూ పెట్టలేదు. ఈ వివాదంలో పడి తరచూ మరచిపోయే విషయం ఇది.

హైదరాబాద్ సంస్థానంలో రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా పరదా వదిలి సభల్లో మాట్లాడారు, 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల స్థాపించారు. ఆ తరం తర్వాత మాసూమా బేగం శాసనసభకు ఎన్నికై 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. అంబేడ్కర్ పాకిస్తాన్ ప్రశ్నపై రాసిన పుస్తకంలో పరదా ముస్లిం స్త్రీల ఆరోగ్యాన్నీ మనసునూ ఎలా కుంగదీస్తుందో కఠినంగా రాశారు. మన కాలంలో షాజహానా తన కవితా సంపుటికి 'నఖాబ్' అనే పేరు పెట్టారు. తెలుగులో ముస్లింవాద సాహిత్యం నిలదొక్కుకున్నాక బురఖా గురించి మాట్లాడే హక్కు ఎవరిదన్న ప్రశ్న మొదటిసారి ఆ బురఖాల లోపలివాళ్ల గొంతుతో వినబడింది.

మతం ఏమంటుంది

ఖురాన్ 24వ సూరాలో 31వ వాక్యం, 33వ సూరాలో 59వ వాక్యం ఈ చర్చకు ఆధారాలు. మొదటిది ఛాతీ మీదుగా ముసుగు వేసుకొమ్మంటుంది, రెండోది పైవస్త్రం దగ్గరికి లాక్కొమ్మంటుంది. ముఖం సంగతి వాటిలో విడిగా లేదు. అందుకే పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. ముఖం, చేతులు దాచవలసినవి కావన్నది ఒక పెద్ద వర్గం మాట. కొందరు హంబలీ పండితులు ముఖం కూడా కప్పాలంటారు. మన దేశంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో, చెడుకు తావిచ్చే పరిస్థితుల్లో ముఖం కప్పుకోవడం మేలన్న అభిప్రాయం తరువాత బలపడింది. హజ్ యాత్రలో ఇహ్రాం అనే దీక్షలో ఉన్న స్త్రీ నఖాబ్ ధరించకూడదు. ముఖం కప్పడం తప్పనిసరి కాదనేవారు మొదట ఎత్తిచూపేది దీన్నే.

నిషేధాల ప్రపంచం

1936 జనవరి 8న ఇరాన్‌లో రెజా షా స్త్రీల పరదాను నిషేధించాడు. పోలీసులు వీధుల్లో ఆడవాళ్ల తలగుడ్డలు లాగేశారు, చాలామంది ఇల్లు కదలడం మానేశారు.  1979 విప్లవం తర్వాత అదే ఇరాన్‌లో తలగుడ్డ తప్పనిసరి అయింది. 2022లో మహ్సా అమీనీ పోలీసు నిర్బంధంలో చనిపోయినప్పుడు చెలరేగిన ఆందోళన దాని మీదే. అదే ఏడాది మే నెలలో తాలిబాన్లు అఫ్గాన్ స్త్రీలు ముఖం కప్పుకోవాలని ఆజ్ఞ జారీచేశారు. తీసేయమన్నా వేసుకొమ్మన్నా అమలు చేసింది వీధిలో నిలబడ్డ పోలీసే.

ఐరోపాలో దారి వేసింది ఫ్రాన్స్. 2010 అక్టోబరు 11 నాటి చట్టం 2011 ఏప్రిల్ 11 నుంచి అమల్లోకి వచ్చింది. ముఖం కప్పుకుంటే 150 యూరోల వరకు జరిమానా. ఒక స్త్రీ చేత బలవంతంగా కప్పించినవారికి ఏడాది జైలు, 30 వేల యూరోలు. దిగువసభలో అనుకూలంగా 335 ఓట్లు, ప్రతికూలంగా ఒకే ఒక్కటి. బెల్జియం (2011), ఆస్ట్రియా (2017), డెన్మార్క్ (2018) ఆ బాట పట్టాయి. నెదర్లాండ్స్ 2019లో ప్రభుత్వ భవనాలు, బడులు, ఆసుపత్రులు, ప్రజారవాణా వరకే నిషేధం పెట్టింది. స్విట్జర్లాండ్ 2021 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే 51.2 శాతం ఔనన్నారు, 2025 జనవరి 1న నిషేధం అమల్లోకి వచ్చింది.

2014లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఫ్రాన్స్ చట్టాన్ని నిలబెట్టింది. ఎందుకు నిలబెట్టిందన్నది గమనించాలి. స్త్రీల సమానత్వం కోసమన్న వాదనను అది ఒప్పుకోలేదు. భద్రత కోసమైతే ఇంత విశాలమైన నిషేధం అక్కర్లేదంది. నలుగురూ 'కలిసి బతకడం' అన్న ఒక్క కారణాన్నే అంగీకరించింది. అయితే 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అదే చట్టం ఇద్దరు స్త్రీల హక్కులను ఉల్లంఘించిందని తేల్చింది. ఒక సంస్థ ఔనన్నదాన్ని ఇంకొకటి కాదన్నదంటే, చట్టంలో కన్నా కొలబద్దలోనే గొడవ ఉందన్నమాట.

ఆఫ్రికాలో చాద్ ఆత్మాహుతి దాడుల తర్వాత 2015లో ముఖపరదాను నిషేధించింది. మన పక్కనే శ్రీలంక, 2019 ఏప్రిల్ 21 ఈస్టర్ పేలుళ్ల తర్వాత అత్యవసర నిబంధనల కింద ముఖం కప్పడాన్ని నిషేధించి, ఆగస్టులో అత్యవసర స్థితి ముగియడంతో ఎత్తేసింది. ఆ కొద్ది నెలల నిషేధం అలలు మన తీరాన్నీ తాకాయి.

భారతదేశంలో

2019 మే 1న శివసేన పత్రిక 'సామ్నా' శ్రీలంకను చూపి మన దేశంలోనూ బురఖా నిషేధించమంది. కవి జావేద్ అఖ్తర్ దానికి బదులిస్తూ, బురఖా నిషేధిస్తే రాజస్థాన్ స్త్రీల ఘూంఘట్ ముసుగును కూడా నిషేధించాలన్నారు. ఆ జవాబులోని తర్కాన్ని గంజాంకు అన్వయిస్తే ఓఢణా వరకు వస్తుంది. చట్టం భాష మతం పేరెత్తకుండా 'ముఖం కప్పడం' అని రాస్తే అందరికీ తగలాలి, మతం పేరెత్తితే రాజ్యాంగం 14, 15 అధికరణాలు అడ్డొస్తాయి. నిషేధం కోరేవారు ఈ చిక్కుముడిని ఇంతవరకు విప్పలేదు.

ఒక ముస్లిం సంస్థే ముఖపరదాను వద్దన్న సందర్భమూ ఉంది. 2019 ఏప్రిల్‌లో కేరళ ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ తన కళాశాలల్లో ముఖం కప్పే దుస్తులు వద్దని సర్క్యులర్ ఇచ్చింది. సమస్త వంటి ఉలేమా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. సొంత సంస్థలో నియమానికీ, వీధి మొత్తానికీ వర్తించే చట్టానికీ ఉన్న దూరం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కర్ణాటక వ్యవహారం ఉడుపిలోని ప్రభుత్వ బాలికల జూనియర్ కళాశాలలో మొదలైంది. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం యూనిఫాం ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టు హిజాబ్ ఇస్లాంలో 'అత్యవసర ఆచారం' కాదంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ సుధాంశు ధూలియా చెరో వైపు తీర్పు ఇచ్చారు. ఈ 'అత్యవసర ఆచారం' అన్న కొలత పుట్టింది 1954 నాటి శిరూరు మఠం కేసులో. ఆ మఠం ఉడుపిలోదే, అది సవాలు చేసింది మద్రాసు రాష్ట్ర ధర్మాదాయ చట్టాన్ని. ఒడిశా తెచ్చిన ధర్మాదాయ చట్టంపై వచ్చిన వ్యాజ్యాన్నీ సుప్రీంకోర్టు అదే ఏడాది తేల్చింది. హిందూ మఠాల స్వేచ్ఛ కోసం తయారైన కొలబద్ద అరవై ఎనిమిదేళ్ల తర్వాత ముస్లిం అమ్మాయిల తల చుట్టూ తిరిగింది.

ఆ సెగ తెలుగు రాష్ట్రాలకూ తగిలింది. 2022 ఫిబ్రవరిలో విజయవాడలో ఒక కళాశాల గేటు దగ్గర బురఖాలతో వచ్చిన విద్యార్థినులను ఆపి, అధికారులు కలగజేసుకున్నాక లోపలికి పంపారు. 2023 జూన్‌లో హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో పరీక్షకు వచ్చినవారిని బురఖా తీసి లోపలికి వెళ్లమన్నారని గొడవ జరిగింది. నీట్ వంటి పరీక్షల్లో మాత్రం సంప్రదాయ దుస్తులతో వచ్చేవారు తనిఖీ కోసం ముందుగా రావాలన్న నియమంతో పని గడుస్తోంది.

ఎండ, రోగం, గుడ్డ

వేసవిలో బరంపురం నుంచి గోపాలపురం దాకా స్కూటీ మీద వెళ్లే అమ్మాయిల ముఖాలు చూడండి. కళ్లు తప్ప మిగతాదంతా చున్నీతో, స్కార్ఫుతో చుట్టి ఉంటుంది. అందులో ఏ మతమూ లేదు, ఎండా దుమ్మూ ఉన్నాయి. 2020 ఏప్రిల్ 9 నుంచి ఒడిశా ప్రభుత్వం ఇల్లు దాటితే ముక్కూ నోరూ కప్పుకోవాల్సిందేనంది. మొదటి మూడుసార్లు తప్పితే 200 రూపాయలు, ఆపైన 500 జరిమానా. సూరత్ మగ్గాల నుంచి వలస కూలీలు తిరిగొచ్చిన గంజాం ఆ ఏడాది కోవిడ్‌తో తీవ్రంగా నలిగింది. ప్రత్యేక మాస్కు లేనివారు తువ్వాలు, కొంగు కప్పుకున్నా సరిపోయేది. అదే కాలంలో పారిస్ మెట్రోలో మాస్కు లేకపోతే జరిమానా, నఖాబ్ ఉంటే కూడా జరిమానా. ఫ్రాన్స్ చట్టంలో ఆరోగ్య కారణాలకు మినహాయింపు మొదటి నుంచీ ఉంది కాబట్టి అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ముఖం కనబడకపోతే కలిసి బతకలేమన్న మాట మాత్రం కొంత బలహీనపడింది.

పోలింగ్ బూతు

ముఖం చూపించక తప్పని చోట్లు కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు ఫొటోలో తల కప్పుకోవచ్చు, ముఖం మాత్రం గడ్డం నుంచి నుదుటి దాకా కనబడాలి. ఓటరు జాబితాలో ఫొటోలు పెడితే పర్దానషీన్ స్త్రీల మత స్వేచ్ఛకు భంగమని వేసిన వ్యాజ్యాన్ని మద్రాసు హైకోర్టు 2006లో కొట్టేసింది. 2010 జనవరిలో ఆ వాదన సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, అంత పట్టింపు ఉంటే ఓటు వేయకండన్న ధోరణిలో ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ ధర్మాసనం స్పందించింది. అంటే గుర్తింపు కోసం క్షణకాలం ముఖం చూపమనడాన్ని కోర్టులు సమర్థించాయి. వీధిలో ముఖం కప్పరాదని ఏ కోర్టూ అనలేదు.

ఆ క్షణాన్ని ఎలా గడపాలో ఎన్నికల సంఘం ప్రిసైడింగ్ అధికారుల కరదీపికలో రాసి ఉంది. బురఖా ఓటర్లు ఎక్కువగా ఉన్న చోట మహిళా సిబ్బంది చాటున ముఖం చూసి పోల్చుకోవాలి, అక్కడే ఎడమ చూపుడువేలికి సిరా పెట్టాలి, గౌరవానికి లోటు రాకూడదు. చాటు కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదని, దొరికిన మంచాలతోనో గుడ్డతోనో కట్టుకోవచ్చని కూడా సూచిస్తుంది. పాతకాలపు మేనా తెర ఇక్కడ ప్రభుత్వ ఖాతాలో నులకమంచమైంది.

2024 మే 13న హైదరాబాద్‌లో బీజేపీ అభ్యర్థి మాధవీలత పోలింగ్ కేంద్రంలో బురఖాలో ఉన్న ఓటర్ల గుర్తింపు కార్డులు అడిగి, ముఖం చూపమన్న దృశ్యాలు దేశమంతా తిరిగాయి. అభ్యర్థికి ఆ అధికారం లేదు, అనుమానం ఉంటే ఏజెంటు ద్వారా ఓటును సవాలు చేయాలి. మలక్‌పేట పోలీసులు ఆమె మీద కేసు నమోదు చేశారు. అభ్యర్థిగా సందేహం తీర్చుకున్నాను, వినయంగానే అడిగానని ఆమె సమర్థించుకున్నారు. బరంపురం లోక్‌సభ స్థానానికి పోలింగ్ జరిగిందీ ఆ రోజే, అదే కరదీపికతో, అదే సిరాతో.